రివాల్వరు ప్యాకింగ్ విప్పినవాడు

రివాల్వరు పేలి కొంపలు మునగడం లోకంలో ఉన్నదే. పేలకపోవడం వల్ల ఒక కొంప ఎట్లా మునగబోయిందో చెప్పగలవాణ్ణి మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్ణే. ఇందులో ప్రాణనష్టం లేదు. జరగాల్సిన ప్రాణనష్టం జరగకపోవడమే ఇందులోని నష్టం. మీరు నవ్వదలిస్తే నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నేను మాత్రం గంభీరంగానే చెబుతాను. ఆ రోజు నాకు నవ్వు రాలేదు మరి.

అప్పుడు నేను అశోక్ నగర్‌లో ఒక హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. మధ్య రాతియుగం పనిముట్ల దగ్గర్నుంచి మూసీ ఉపనదుల దాకా నాకు తెలియని విషయం లేదు. తెలియనిది ఏదైనా పొరపాటున ఎదురైతే ఎలిమినేషన్ పద్ధతి ఉండనే ఉంది. నాలుగు జవాబుల్లో మూడు కొట్టేస్తే మిగిలిందే నిజం. ఈ పద్ధతిని పరీక్ష హాల్లో వదిలి రావాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా "నాకు తెలుసు" అనేవాణ్ణి.

నా రూమ్మేట్ యాదగిరి. జనగామ దగ్గర పల్లె. ఎస్సై పరీక్ష మూడుసార్లు రాశాడు. పరుగు, ఎత్తు, ఛాతీ అన్నీ గట్టెక్కేవి. చివరికి రాతపరీక్షలో రాజ్యాంగం ప్రశ్నల దగ్గర బోల్తా పడేవాడు. వాళ్ళ నాన్న కొమురయ్య కాకకు ఓపిక అయిపోయింది. ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

"ఐతారం వస్తున్న. నువ్వు ఎట్లున్నవో నా కండ్లతోని సూస్త. మనసున పడితె ఇంకొక్క ఏడు ఉండు. లేకుంటె పెట్టె సదురుకొని నా ఎంట బస్సెక్కు."

సరిగ్గా ఆ ఆదివారమే చిక్కడపల్లిలో మా నాటకం. మేం చదువుకునే లైబ్రరీకి రోజూ వచ్చే సత్యమూర్తి గారు మాచేత వేయిస్తున్నారు. ఆయనది తెనాలి వైపు. చిన్నప్పుడే కుటుంబంతో ఇక్కడికి వచ్చి, సర్కారీ ఆఫీసులో రిటైరై, నలభై ఏళ్ళుగా వేదిక మీద దుర్మార్గుడి వేషం కట్టి చస్తున్నారు. ఈ నాటకంలో ఆయన భూపతి అనే జమీందారు. యాదగిరి ఎస్సై. చివరి రంగంలో ఎస్సై కాలుస్తాడు, భూపతి చస్తాడు. ఆ చావు నాలుగు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒకసారి లేస్తారు కూడా.

"చప్పుడు లోయర్ ట్యాంక్ బండ్ దాకా వినపడాలయ్యా. చప్పుడు లేని చావు ఉప్పు లేని పప్పు" అన్నారు సత్యమూర్తి గారు.

యాదగిరి బాధ వేరు. "మా నాయిన నన్ను ఒక్కపాలి ఖాకీల సూడాలె మురళీ. సూస్తె మనసు కరుగుతది. ఇంకో ఏడు ఇడుస్తడు."

"తుపాకి సంగతి నాకిడిసెయ్" అన్నాను. చూశారా, ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

నారాయణగూడలో జహంగీర్ భాయ్ అని, నాటకాలకు కిరీటాలు, గడ్డాలు, గదలు కిరాయికి ఇచ్చే ఆయన ఉండేవాడు. సినిమావాళ్ళ కోసం ఎప్పుడో తెప్పించిన రివాల్వరు ఒకటి ఆయన దగ్గర ఉంది. చప్పుడు తప్ప ఇంకే పాపమూ ఎరగదు. దానితో పాటు ఆరు ఉత్తుత్తి తూటాలు ఇచ్చాడు. ఆరింటినీ పల్చటి ఇనుప చక్రం ఒకటి వెనక నుంచి, గుత్తిలా పట్టుకుని ఉంది.

"తమ్మీ, జర ఇట్ల చూడు. ఈ చక్రం ఉన్నది చూసినవా..."

"నాకు తెలుసు భాయ్."

"అరె, సునో తో సహీ. దీన్ని ఇట్లనే..."

"తెలుసు భాయ్. రిహార్సల్‌కి టైమైతున్నది."

జహంగీర్ భాయ్ నన్ను ఒక్క క్షణం చూసి, భీముడి గదకు వెండి రంగు వేసే పనిలో పడిపోయాడు.

హాస్టల్ గదిలో మంచం మీద అన్నీ పరిచి ఆలోచించాను. ఈ చక్రం తుపాకీలో భాగమా? అయితే తుపాకీకే బిగించి ఉండేది. తూటాలో భాగమా? ఒక్కో తూటాకు ఒక్కోటి ఉండేది. అందానికా? తుపాకీకి అందమేమిటి! మూడూ కొట్టేశాను. మిగిలింది ఒకటే, ప్యాకింగ్.

నెయిల్ కట్టర్ తీసుకుని తూటాల్ని ఒక్కొక్కటిగా ఊడబెరకడం మొదలుపెట్టాను. యాదగిరి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ చూశాడు.

"అది ఎందుకు పీకుతున్నవ్‌ర?"

"ప్యాకింగ్‌రా. కొత్త అంగీ కొంటె కాలర్ కింద అట్టముక్క ఉంటది గదా. అట్టతోనే తొడుక్కుంటవా?"

"తొడుక్కోను."

"మరి!"

ఈ 'మరి' ముందు యాదగిరి ఎప్పుడూ ఓడిపోయేవాడు. ఆ పోరులో చక్రం వంకర్లు తిరిగింది. చెత్తబుట్టలో పడేశాను. తూటాలు రివాల్వరు గదుల్లోకి ఎంత సుఖంగా జారిపోయాయో! రెండు మాత్రం కాస్త మొరాయిస్తే నెయిల్ కట్టర్ వెనక భాగంతో గట్టిగా నొక్కాను.

"ఒక్కటి పేల్చి సూద్దామా?" అన్నాడు యాదగిరి.

"ఉన్నయే ఆరు. కింద ఓనర్ అంకుల్ పండుకున్నడు. ఆయనకు గుండె ఆగితే హాస్టల్ ఎవడు నడుపుతడు?"

ఇంత ముందుచూపు ఉన్నవాడు చెడిపోతాడని ఎవరనుకుంటారు!

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. సగం మంది మా లైబ్రరీ జనమే. రెండో వరసలో తెల్ల రుమాలు చుట్టుకుని కొమురయ్య కాక కూర్చున్నాడు. యాదగిరి ఖాకీలో అడుగుపెట్టగానే కాక లేచి నిలబడిపోయాడు. "పెద్దాయనా, కూసో!" అని వెనకవాళ్ళు అరిచారు. ఆయనకు వినబడలేదు. తెర పక్కన నిలబడి అదంతా చూశాను. మా పని అయిపోయినట్టే అనుకున్నాను. నిజంగానే అయిపోయింది.

చివరి రంగం. "నీ పాపం పండింది భూపతీ!" అన్నాడు యాదగిరి. గురిపెట్టాడు. నొక్కాడు.

టిక్.

సత్యమూర్తి గారు అలవాటు కొద్దీ గుండె పట్టుకున్నారు. చప్పుడు రాలేదని గ్రహించి చెయ్యి దించారు. మళ్ళీ టిక్. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ దించారు. తూటా లేదు, చప్పుడు లేదు, చావు మాత్రం సిద్ధం! ఆరో టిక్‌కి ఆయనకు ఒళ్ళు మండింది.

"ఏవిటయ్యా, కాలుస్తావా, కాల్చవా?" అన్నారు. ఇది నాటకంలో లేని మాట.

హాల్లోంచి సలహాలు మొదలయ్యాయి.

"అన్నా, లోడ్ చేసినవా?"

"నెగెటివ్ మార్కులుంటయన్నా, చూసి కొట్టు!"

యాదగిరి చెమటలు కక్కుతూ, "కదలకు. రెండు నిమిషాలల్ల వస్త" అని భూపతికి చెప్పి తెర పక్కకు పరిగెత్తుకొచ్చాడు. చంపబోయేవాడు వెళ్ళిపోతే చావాల్సినవాడు వేదిక మీద ఒంటరిగా మిగలడం ఆంధ్రదేశంలో గానీ తెలంగాణలో గానీ అదే మొదలు.

"ఏందిర ఇది? మా నాయిన సూస్తున్నడు!"

"ఉండు, తీసి మళ్ళ పెడ్త."

తెరిచి, తూటాల్ని బయటికి నెట్టే కడ్డీ నొక్కాను. కడ్డీ ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది. తూటాలు కదల్లేదు. తలకిందులు చేసి అరచేతి మీద కొట్టాను. ఒకటి రాలింది. మిగతావి అత్తారింట్లో అల్లుళ్ళలా కూర్చున్నాయి. జేబులోంచి ఓఎంఆర్ షీటు నింపే నల్ల పెన్ను తీసి ముందువైపు నుంచి పొడిచాను. తూటా రాలేదు సరే, పెన్ను మూత కూడా లోపలే ఉండిపోయింది.

అవతల సత్యమూర్తి గారు వేదికను ఖాళీగా ఉంచలేక పశ్చాత్తాపం మొదలుపెట్టారు. పేదల భూములు లాక్కున్నానన్నారు. గడ్డివాములు తగలబెట్టానన్నారు. భూపతి పాపాలు అయిపోయాయి. మేము రాలేదు. పాపం ఆ ఉద్వేగంలో ఆయన సొంత ఖాతా తెరిచేశారు.

"ఇంకా చెప్పాలంటే... లైబ్రరీ పేపర్లో గళ్ళ నుడికట్టు పేజీ చింపుకుపోయేది నేనే! మూడేళ్ళుగా నేనే!"

హాల్లోంచి ఒకడు లేచాడు.

"సారూ! ఆ పేజీ ఎనకనే గద ఉద్యోగ నోటిఫికేషన్లు ఉండేది!"

ఇంకొకడు లేచాడు. "నాకు సరిపడే ఒక్క పోస్టుకు లాస్ట్ డేట్ దాటిపాయె!" వరసలకు వరసలే లేచాయి. భూపతిని నాటకంలో ఎవరూ అంతగా అసహ్యించుకోలేదు. జనం వేదిక వైపు కదిలారు. సత్యమూర్తి గారు నిజంగానే గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

"నేను నోటితోని ఢాం అంట. నువ్వు గురిపెట్టు చాలు" అన్నాను యాదగిరితో.

వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. కోపం కూడా కాదది. "వద్దు మురళీ. నువ్వు ఇగ ఏం జెయ్యకు" అని రివాల్వరు నా చేతిలో పెట్టి, ఉత్త చేతులతో వేదిక మీదికి వెళ్ళిపోయాడు.

వెళ్ళి సత్యమూర్తి గారికీ జనానికీ మధ్య నిలబడ్డాడు.

"ఎక్కడోళ్ళు అక్కడ కూసోండ్రి!"

ఆ గొంతు మా గదిలో నేను ఎన్నడూ వినలేదు. నేనే కూర్చోబోయాను. హాలంతా కూర్చుంది. యాదగిరి వెనక్కి తిరిగి భూపతి భుజం మీద చెయ్యి వేశాడు.

"నిన్ను అరెస్టు చేస్తున్న. ఎందుకో చెప్త, విను. పేదోళ్ళ భూములు గుంజుకున్నవ్. వకీలును పెట్టుకునే హక్కు నీకున్నది. ఇరవై నాలుగు గంటల్ల నిన్ను మేజిస్ట్రేటు ముందల నిలబెడ్త. నిన్ను ముట్టే హక్కు ఇక్కడ ఎవ్వనికి లేదు."

"ఆర్టికల్ ఎంతన్నా?" అని అరిచాడు ఒకడు. మా జనం సంగతి తెలిసిందే కదా.

"ఇరవై రెండు!"

మూడుసార్లు పరీక్షలో తప్పు రాసిన జవాబు అది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. సత్యమూర్తి గారిని నడిపించుకు వస్తుంటే ఆయన గుసగుసగా "మరి నా చావో?" అని అడిగారు. "వచ్చే నాటకంల సార్" అన్నాడు యాదగిరి. అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు చస్తే ఏమీ తెలియనివాడు ఏకాదశి నాడు చచ్చాడట. అన్నీ తెలిసిన నా చేతిలో పడి ఆయన ఏ తిథికీ చావలేకపోయారు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున రివాల్వరు తిరిగివ్వడానికి నారాయణగూడ వెళ్ళాను. యాదగిరీ కొమురయ్య కాకా వెంట వచ్చారు. కాక అప్పటికీ ఏ సంగతీ తేల్చలేదు. యాదగిరి పెట్టె సర్దుకోవాలో వద్దో తెలియక రాత్రంతా పక్క మీద దొర్లాడు. ఆ పాపం నాదేనని నాకూ నిద్ర పట్టలేదు.

జహంగీర్ భాయ్ రివాల్వరు తెరిచి చూసి, పెన్ను మూత కేసి చూసి, నన్ను చూశాడు.

"చక్రం ఏది తమ్మీ?"

"ప్యాకింగ్ అనుకొని..."

"యా అల్లా! దాన్ని మూన్ క్లిప్ అంటరు. ఈ తూటాలకు వెనక అంచు ఉండదు. చక్రమే పట్టుకోవాలె. అది లేకుంటే లోపలికి జారుతయ్, సుత్తి దెబ్బ అందదు, పేలవు. తీసేటప్పుడు భీ దాన్ని పట్టే ఆరూ ఒక్కసారి బయటికొస్తయ్. ఉన్నది అదొక్కటే. ఇదే చెప్పబోతె నాకు తెలుసు అంటివి!"

నేను తలదించుకున్నాను. కొమురయ్య కాక అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"కొడుకా, నిన్న నిన్ను ఖాకీల సూసి కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. గని ఏషం ఏషమే అనుకున్న. ఆ తుపాకి పేలి ఆట అయిపోయి ఉంటె, పొద్దుగాల్నే నిన్ను బస్సెక్కిస్తుంటి. అది పేలకపాయె. మందికి మందే మీదికొస్తుంటె నువ్వు ఉత్త చేతులతోని అడ్డం నిలబడ్డవ్. గప్పుడు సూసిన పోలీసోన్ని. ఇంకొక్క ఏడు సదువుకో బిడ్డా."

యాదగిరి అక్కడే, కిరీటాల మధ్య, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. నా బుర్రతక్కువ పని ఒకడి బతుకు నిలబెట్టిందన్న గర్వం కూడా, దాచడమెందుకు, పొంగుకొచ్చింది.

"మేమిద్దరం మంచిగ సదువుతం కాకా!" అన్నాను.

కాక నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎంతో ప్రేమగా చూశాడు.

"ఇద్దరు గాదు బిడ్డా. నువ్వు మంచోనివే. గని మావోడు ఇయ్యాల్నే రూము మారుతడు."

మారాడు. పెట్టె నేనే మోసుకెళ్ళి కొత్త గదిలో దింపి వచ్చాను. ఆ ఏడే యాదగిరి ఎస్సై అయ్యాడు. అందుచేత, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో రివాల్వరు నింపను, నింపింది ఖాళీ చెయ్యను, దీపావళికి పిల్లల తుపాకీలో రీలు కూడా పెట్టను. ఈ ప్రమాణాన్ని యాదగిరికి ఫోన్ చేసి వినిపిస్తే, వాడు శ్రద్ధగా విని, "రాసి సంతకం పెట్టు. మా నాయినకు సూపించాలె" అన్నాడు.