గూడూరు శివారులో రెండో టెన్నిస్ కోర్టు

పోయిన నెల గూడూరు నుంచి ఒక కార్డు వచ్చింది. ఊరి శివారు కాలనీలో రెండో టెన్నిస్ కోర్టు తెరుస్తున్నారట. మొదటి కోర్టు వేసినప్పుడు సంఘం కార్యదర్శిని నేనే కాబట్టి, దాని చరిత్ర రెండు పేజీలు రాసుకొచ్చి సభలో చదవమన్నారు. ఆ కాలనీ వదిలి నెల్లూరు వచ్చి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ అటువైపు వెళ్లకపోవడానికి నాకొక కారణం ఉంది. ఆ కారణమూ కలిపి రాసి, కాగితాలు జేబులో పెట్టుకుని బయలుదేరాను.

ఆదివారం ఉదయం ఏడింటి ప్యాసింజరు ఎక్కితే గూడూరు చేరేసరికి ఎనిమిదిన్నర. టిక్కెట్టు రూపాయి లోపే. స్టేషన్ బయట ఇడ్లీ తిని, చిల్లకూరు దారిలోని కాలనీకి అర్ధరూపాయికి జట్కా మాట్లాడుకున్నాను.

"టెన్నిస్ కోర్టు కాడికా? మస్తాన్ ఉండేది ఆడేగా!" అన్నాడు జట్కా అతను. "పాపం, బిడ్డ పోయినాక మనిషి మాటే తగ్గించేసినాడు."

నేను జట్కా ఎక్కి కూర్చున్నాను.

యాభైల చివర్లో అభ్రకం కంపెనీ గుమాస్తాలం, బడిపంతుళ్లం కలిసి ఆ కోర్టు వేయించుకున్నాం. మస్తాన్ మేస్త్రీ. పల్లపు నేల కావడంతో పక్కనే గుంట తవ్వి, ఆ మట్టితో ఎత్తు లేపాడు. పైన పుట్టమన్ను పరిచి, రాతి రోలరు లాగి గట్టిపరిచాడు. ప్రారంభానికి ముందు నా దగ్గరికి వచ్చి, "అయ్యా, గుంట లోతుగా ఉండాది. పిల్లకాయలు తిరిగే చోటు. వానలు రాకముందే పూడ్పించండి" అన్నాడు. "ప్రారంభం కానీ మస్తాన్, తర్వాత చూద్దాం" అన్నాను. మళ్లీ వచ్చి అడిగాడు. మళ్లీ అదే మాట అన్నాను.

కార్తీకం వానలకు గుంట నిండింది. ఒక మధ్యాహ్నం మేము కోర్టు మీద నిలిచిన నీళ్లు తోడిపోస్తూ నవ్వుకుంటున్నాం. పాతిక గజాల అవతల మస్తాన్ కూతురు, ఏడేళ్ల హసీనా, గుంటలో పడిపోయింది. మాలో ఎవరికీ వినపడలేదు. వానలు తగ్గాక మస్తాన్ గంపతో మట్టి మోసి గుంట పూడ్చాడు. నేనూ రెండు రోజులు మోశాను. మూడో రోజు ఆయన ముఖం చూడలేక మానేశాను. కొన్నాళ్లకు నెల్లూరులో ఉద్యోగం చూసుకున్నాను.

కొత్త కోర్టు ఆ పూడ్చిన చోటే వేశారు. నేను వెళ్లేసరికి మస్తాన్ ఒక్కడే రోలరు లాగుతున్నాడు. నన్ను గుర్తుపట్టి ఆగాడు.

"ఈ పని మీరెందుకు ఒప్పుకున్నారు మస్తాన్ గారూ?" అన్నాను.

"వేరేవోళ్లు చేస్తే సరిగా గట్టిపడదయ్యా. మళ్లా కుంగితే?"

ఆరేళ్లుగా దాచుకున్న మాట అప్పుడు చెప్పాను. "తప్పు నాది. మీరు రెండుసార్లు చెప్పారు."

"మూడుసార్లు" అన్నాడాయన. "మూడోసారి మీరు ఇంట్లో లేరు. మీ ఆడమనిషికి చెప్పి వచ్చినా."

ఆ సంగతి నా భార్య ఎప్పుడూ చెప్పలేదు, నాకు ఆ రోజు వరకూ తెలియదు. చరిత్రలో పాప సంగతి రాశాను, చదవమంటారా అని అడిగాను. ఆయన రోలరు పిడి వదిలి నా వైపు తిరిగాడు. "చదవండి. పేరు మాత్రం తప్పు పలకబాకండి."

పది గంటలకు సంఘం అధ్యక్షుడు కాగితాలు చూసి, "శుభమా అని తెరుస్తుంటే ఇదెందుకండీ?" అని రెండో పేజీ తీసి పక్కన పెట్టాడు. నేను మొదటి పేజీ కూడా చదవనన్నాను. సభ చరిత్ర లేకుండానే జరిగింది. మస్తాన్, నేను చివరి వరుస వెనక నిలబడ్డాం.

చదవనంత మాత్రాన నా తప్పేమీ తగ్గలేదు. తిరుగు రైల్లో కూర్చున్నప్పుడు కూడా బరువు అలాగే ఉంది, పైగా ఆ మూడోసారి తోడైంది. అయినా ఆ రెండో పేజీ ఎక్కడో ఒకచోట ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. ఆ కోర్టు చూడబోయేవారికి ఒక్క మాట: సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, మస్తాన్ గారు అక్కడే ఉంటారు. పాప గురించి మీరుగా అడగవద్దు. ఆయన చెబితే మాత్రం, ఆట ఆపి వినండి.