బస్తా ఒళ్ళు తగ్గించుకున్నాడు

అతన్ని అందరూ బస్తా అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది స్వయానా అక్క మొగుడే. పడవల షెడ్డులో చిరిగిన తెరచాపలు కుట్టడం బస్తా పని. అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, లావుపాటి సూదిని గుడ్డలోకి నెడుతూ పొద్దంతా కూర్చునేవాడు. కూర్చుని చేసే పనికి ఒళ్ళు రాక ఏం చేస్తుంది?

సెలవురోజుల్లో మాత్రం అతని దర్జాయే వేరు. బావకొక చిన్న తెరచాప పడవ ఉంది. ఇద్దరెక్కితే నిండిపోతుంది. చుక్కాని బావది. గాలికి పడవ ఒరిగినప్పుడల్లా నడుమనున్న పట్టీలో పాదాలు దూర్చి, ఒళ్ళంతా నీళ్ళమీదికి వాల్చి దాన్ని నిలబెట్టడం బస్తా వంతు. పెళ్ళీపెటాకులూ లేనివాడికి ఆ పడవలో చోటే సర్వస్వం.

ఆ ఏడు గాలి పలచబడింది. పందెంలో వాళ్ళ పడవ అందరి వెనకా ఈడ్చుకుంటూ వచ్చింది. బావకి తల కొట్టేసినట్టయింది.

"ఒరేయ్ బస్తా, నువ్వు సగమన్నా తగ్గు. లేకపోతే వచ్చే పందేనికి ఇంకొకణ్ణి ఎక్కించుకుంటా. తర్వాత నన్నని లాభం లేదు."

"తగ్గుతా బావా. నా చోటు మాత్రం ఎవరికీ ఇవ్వకు."

ఆ రోజు నుంచే నోరు కట్టుకున్నాడు. తెల్లారకముందే లేచి గట్టు పొడుగునా పరుగు. సాయంత్రం పీట మీద కూర్చుని, మంచం పట్టె కింద పాదాలు దూర్చి, తొడలు వణికేదాకా వెనక్కి వాలడం. "దెయ్యం పట్టినవాడిలా ఏంట్రా ఇది?" అని అక్క తిట్టినా వినలేదు. తొడలు రాళ్ళయ్యాయి, మనిషి చిక్కి సగమయ్యాడు. "నిన్నింక బస్తా అంటే కళ్ళు పోతాయిరా" అన్నాడు బావ. బస్తా ఎంత మురిసిపోయాడో! ఒళ్ళు తగ్గడమే సత్తువ అనుకున్నారు పిచ్చివాళ్ళిద్దరూ.

పందెం నాడు చూస్తుండగానే గాలి ముదిరింది. బస్తా ప్రాణం పెట్టి వెనక్కి వాలాడు. తొడలు తట్టుకున్నాయి, పడవే ఆగలేదు. పక్కకి తిరగబడి తెరచాప నీళ్ళమీద పరుచుకుంది. కాలికి తాడు చుట్టుకుని బావ దాని కింద చిక్కుకున్నాడు. తొడుక్కున్న లైఫ్ జాకెట్టే అతన్ని పైకి నెట్టి ఆ గుడ్డకి అదిమి పెట్టింది.

ఇదివరకు ఎన్నిసార్లు బోల్తా పడలేదు! పడవ అడుగున పొడుచుకొచ్చిన పలక మీదికి బస్తా ఎక్కి, అంచు పట్టుకుని వాలితే చాలు, బుద్ధిగా లేచేది. ఇప్పుడూ ఎక్కాడు. వాలాడు. లేవలేదు. ఎగిరెగిరి తొక్కాడు. పడవ లేస్తే బావ బయటపడతాడు, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ ఉన్న కాస్త సమయమూ ఆ పలక మీదే పోగొట్టాడు. చివరికి నీళ్ళలో మునిగి తాడు విప్పేసరికి బావలో చలనం లేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా గాలినే తిట్టిపోశారు. బస్తా గోడకానుకుని కూర్చున్నాడు. జనం వెళ్ళాక అక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒక్కటి చెప్పరా. నువ్వు మునుపటిలా ఉండుంటే పడవ లేచేదా?"

లేదని అంటే సరిపోయేది. ఆమెకేం తెలుస్తుంది?

"లేచేదక్కా" అన్నాడు.

అక్క కొట్టలేదు, తిట్టలేదు. "ఆయన మాట విన్నావు, అంతేగా" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి ఏడుపు వినిపించింది. వెళ్ళి ఓదార్చడానికి బస్తాకి ముఖం చెల్లలేదు.