నేను తవ్విన పన్నెండు బావులు

మా గ్రంథాలయంలో నన్ను జిగురు మాస్టారంటారు. ఆ పేరు పెట్టింది స్టోర్ కీపరు. గోధుమపిండి ఉడికించి, మూడుసార్లు వడకట్టి, ఆ జిగురుతో పాత పుస్తకాలకూ కాగితాలకూ అతుకులు వేయడం నా ఉద్యోగం కాబట్టి ఆ పేరు కాదనడానికి నా దగ్గర కారణమేమీ లేదు. మా ఆవిడ మాత్రం ఎవరైనా అడిగితే "ఆఫీసు పనేనండీ" అని మాట మార్చేస్తుంది.

నాకున్న గర్వం ఒక్కటే. నేను వేసిన అతుకు కనపడదు. చిల్లు ఎంతుంటే అంత ముక్క కోసి, దాని అంచు ఎన్ని వంకరలు తిరిగితే అన్ని వంకరలూ తిప్పి, ఆ కాగితం వయసుకు తగ్గ రంగు పట్టించి కూర్చోబెడతాను. వేలితో తడిమినా తెలియదు. ఎవరి గురించి వాళ్ళే ఇలా చెప్పుకోవడం బాగుండదని నాకూ తెలుసు. కానీ కనపడని పనిని మెచ్చుకునేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఆ లోటు ఇరవై రెండేళ్ళుగా నేనే తీర్చుకుంటున్నాను.

కిందటేడు స్టోరు నుంచి ఒక రేకు గొట్టం నా గదికి వచ్చింది. అందులో చుట్టచుట్టిన పటం ఉంది. నూట పాతికేళ్ళ కిందట ఒక సర్వేయరు ఈ ఊళ్ళో ఉన్న బావులన్నీ తిరిగి చూసి, చేత్తో గీసిన పటం అది. విప్పితే నా బల్ల నిండిపోయింది. ఒక్కో బావికీ దాని ఆకారంలోనే నీలం సిరాతో ఒక చిన్న బొమ్మ. మూలన సర్వేయరు సొంత దస్తూరీలో "మొత్తం బావులు 211" అని రాసి ఉంది. తరవాత పురుగులు కూడా అదే ఊరంతా తిరిగి మూడు వందల నలభై చిల్లులు తవ్వాయి. కష్టపడటంలో సర్వేయరు కంటే అవే ఒక ఆకు ఎక్కువ చదివాయి. కొత్తగా కడుతున్న ప్రదర్శనశాలలో ఆ పటాన్ని పెట్టాలని, దాన్ని బాగుచేయమని నాకు ఇచ్చారు.

ఏ కాగితాన్నైనా ముట్టుకోకముందు అది ఎలా ఉందో ఫొటో తీసి పెట్టుకోవాలి. మా పనిలో అవి ఓనమాలు. కెమెరా స్టోర్ కీపరు బీరువాలో ఉంటుంది. దానికి ఫారం నింపాలి, ఫారం మీద అధికారి సంతకం కావాలి, అధికారి ఆ వారమంతా సెలవు.

"సంతకం లేకుండా ఇవ్వవా?" అన్నాను.

"నీకిస్తే రేపు ఇంకొకడు చెయ్యి చాపుతాడు గురూ. ఫోన్లో తీసుకోరాదూ?"

ఫోన్లో నేను తీసే ప్రతి బొమ్మలోనూ నా బొటనవేలు ఉంటుంది. సోమవారం చూద్దాంలే అనుకున్నాను. ఈలోగా ఒక మూల మినపగింజంత చిల్లు కనపడింది. ఒక్కటే కదా అని కూర్చున్నాను. సోమవారానికి నలభై అయ్యాయి. నలభై పూడ్చాక ఫొటో తీస్తే ఆ నలభై లెక్కలోకి రావు, అంతా అయ్యాకే తీద్దామనుకున్నాను. అలా అనుకున్నప్పుడు నా బుద్ధి ఎక్కడికి వెళ్ళిందో ఇప్పటికీ తెలియదు.

పటం వెనక అంటించిన పాత గుడ్డ చివికిపోయి ఉంటే ఊడదీసి కొత్తది అంటించాను. దాంతో వెనక నుంచి కూడా నా అతుకులు కనపడే దారి మూసుకుపోయింది. ఏడు నెలలు పట్టింది.

ఇంకో పని కూడా చేశాను. పటం మీద బావులు లెక్కపెడితే నూట తొంభై తొమ్మిదే వచ్చాయి. పన్నెండు చోట్ల చిల్లు అంచున గోటి కొనంత నీలం గీత మిగిలి ఉంది. అంటే అక్కడ ఉన్న బావుల్ని పురుగులు తినేశాయన్నమాట. మా గురువుగారు ఉన్నన్నాళ్ళూ ఒకటే మాట చెప్పేవారు, ఉన్నది నిలబెట్టు, లేనిది కల్పించకు అని. ఆయన పోయి పదేళ్ళయింది. నేను సన్నటి కుంచె తీసుకుని, ఆ పన్నెండు అతుకుల మీదా పన్నెండు బావులు వేసేశాను. చక్కగా, గుండ్రంగా. మూలన రాసిన అంకెకు లెక్క సరిపోయింది. సర్వేయరు చూసినా తన చెయ్యే అనుకుంటాడని సంబరపడ్డాను.

పటం ప్రదర్శనశాల బల్ల మీదికి చేరింది. అద్దం చట్రం రావడమే తరువాయి. అప్పుడు మా కొత్త అధికారి నా గదికి వచ్చాడు. కిటికీ చూశాడు, ద్వారం చూశాడు.

"మాస్టారూ, టికెట్ కౌంటరుకు చోటు కావాలండి. మీ గదైతే గుమ్మం పక్కనే ఉంది."

"మరి నా పని సర్?"

"అదే. ఈ ఏడాది ఇక్కడ ఏం జరిగిందో చూడటానికి గురువారం పై ఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తున్నారు. పని ఉందనుకుంటే ఉంచుతాం. లేదంటే మిమ్మల్ని రికార్డు సెక్షన్‌లో వేస్తాం."

రికార్డు సెక్షన్‌లో పని ఫైళ్ళకు తాళ్ళు కట్టడం. నాకింకా తొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది. అంటే తొమ్మిదేళ్ళ తాళ్ళు. కానీ లోపల ధీమాగానే ఉంది. నా దగ్గర పటం ఉంది కదా. ఆయన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన చుట్టూ తిరిగి చూశాడు. "బాగుంది. దీనికేం చేశారు?"

"మూడు వందల నలభై చిల్లులు పూడ్చాను సర్."

"ఎక్కడ?"

నవ్వుతూ వంగాను. నవ్వు అలాగే పెట్టుకుని చాలాసేపు వెతికాను. భూతద్దం తెచ్చుకుని వెతికాను. చివరికి ఒకచోట వేలు పెట్టి "ఇదిగో సర్" అన్నాను. ఆయన భూతద్దం తీసుకుని చూసి, అది ఈగ రెట్ట అన్నాడు. ఈగ రెట్టే.

"ముందు తీసిన ఫొటోలు తెండి."

"తీయలేదు సర్."

ఆయన స్టోరు రిజిస్టరు తెప్పించాడు. అందులో "పటం ఒకటి. స్థితి: సాధారణం" అని ఉంది. నేను స్టోర్ కీపరు వంక చూశాను.

"గొట్టం సాధారణంగానే ఉంది గురూ. మూత తీసి చూడమని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు మాస్టారూ. ఏడు నెలల పని కాగితం మీద ఎక్కడా కనపడటం లేదు, అంతే" అన్నాడు అధికారి.

కాగితం మీదే ఉంది సర్, అందామనుకున్నాను. కానీ అది ఎక్కడని అడిగితే మళ్ళీ మొదటికొస్తుంది.

మా ఆవిడ ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేసి ఇస్తుంది. చిరుగులు, బిగుతులు, పొడుగులు, అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. నేను చెప్పిందంతా ఒక అంచు మడిచి కుడుతూ వింది.

"చిరిగింది ముందు వాళ్ళకి చూపించి, ఇదిగో ఇంతమేర పోయిందండీ అని ఒప్పించుకుంటే గానీ నేను సూది ఎక్కించను. మీరేమో చదువుకున్నారు."

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"ఏముంది, ఒక కుట్టు విప్పి చూపించండి."

"ఏడు నెలల పని."

"అంతా విప్పమన్నానా? ఒక్కటి. మీ జిగురు నీళ్ళకి ఊడొస్తుందని మా అన్నయ్యకి పెళ్ళిచూపుల్లోనే చెప్పారుగా, గొప్పగా."

చెప్పిన మాట నిజమే. మళ్ళీ ఊడదీయలేని అతుకు వేయకూడదన్నది మా పనిలో మొదటి నియమం. నేను తప్పకుండా పాటించిన నియమం అదొక్కటేనేమో.

"విప్పుతాను సరే. ఏది విప్పాలో తెలియాలిగా. ఎక్కడున్నాయో నాకే కనపడటం లేదు."

"ఒక్కటీ గుర్తులేదా?"

గుర్తున్నవి పన్నెండు. ఆమెకు ఆ పన్నెండు సంగతి చెప్పాల్సొచ్చింది. మిషను ఆగింది.

"లేని బావులు వేశారా?"

"ఉన్నవే. పురుగులు తినేశాయి."

"మీరు చూశారా?"

"లేదు."

"అయితే రేపు పని చేశారని చూపించాలంటే తప్పు చేశారని కూడా చూపించాలి." ఆమె దారం కొరికింది. "ఏ తాళ్ళండీ, నూలువా, నైలానువా?"

గురువారం మేడమ్ వచ్చారు. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటారు. చూపుడువేలు పక్కన చర్మం గట్టిపడి ఉంది. బ్లేడు పట్టి మా పనే చేసిన చెయ్యి. అది చూశాక నాకు ధైర్యం రావలసింది, ఉన్నది కూడా పోయింది. అధికారి ఒక పక్క, స్టోర్ కీపరు రిజిస్టరుతో ఇంకో పక్క నిలబడ్డారు. ఇతన్ని పిలవకపోయినా వచ్చాడు, ఇలాంటివి ఊరికే వదులుకోడు.

"ఒక అతుకు తీసి చూపిస్తాను మేడమ్" అన్నాను.

"తీయండి."

పటం తూర్పు అంచున, మూడు వీధులు కలిసేచోట ఉన్న బావి మీద గోరంత తడి దూది పెట్టాను. జిగురు నానడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. తరవాత పలచటి రేకుతో అంచు లేపి, పట్టకారుతో పట్టుకుని మెల్లగా ఎత్తాను. ముక్క శుభ్రంగా వచ్చేసింది. కింద పురుగు కొరికిన అంచు ఎలా ఉండేదో అలాగే బయటపడింది.

అధికారి ముందుకు వంగాడు. "చిల్లే" అన్నాడు.

ఒక్క క్షణం గెలిచాననిపించింది. మేడమ్ మాత్రం చిల్లు వైపు చూడటం లేదు. పట్టకారు కొసన వేలాడుతున్న ముక్కను చూస్తున్నారు. దాని మీద ముప్పావు బావి ఉంది.

"ఈ బావి ఎవరిదండీ?"

"నాదే మేడమ్."

"అంచున ఆ పాత గీత ఒక్కటే మిగిలిందా?"

"అవును మేడమ్."

"దాన్ని బట్టి మీరు బావి తవ్వారు. ఇలాంటివి ఇంకెన్ని తవ్వారు?"

"ఇంకా పదకొండు."

స్టోర్ కీపరు రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనక భుజాలు కదులుతున్నాయి.

మేడమ్ భూతద్దంతో చిల్లు అంచంతా చూశారు. తరవాత వెనక్కి జరిగి అధికారితో అన్నారు. "ముక్క ఊడొచ్చినా కాగితం ఒక్క పోగు కూడా లేవలేదు. ఇలాంటి చెయ్యి మీకు మళ్ళీ దొరకదు. తాళ్ళు కట్టించకండి." నా వైపు తిరిగారు. "మీరు ఆ పదకొండూ తీసేయాలి. పన్నెండు చోట్లా ఉత్త కాగితం పెట్టాలి. అది అతుకని చూసేవాళ్ళకి తెలియాలి. ఒక్కదానికీ కుంచె తగలకూడదు."

"అలాగే మేడమ్."

"గది సంగతి?" అన్నాడు అధికారి.

"గది తీసుకోండి. ఈయనకి బల్ల ఇక్కడే వేయించండి, హాల్లో, పటం పక్కన. ఈయన తలుపేసుకుని చేస్తే బావులు పుట్టుకొస్తాయి. నలుగురి కళ్ళ ముందు చేయనివ్వండి."

ఆ విధంగా పని దక్కింది, గది పోయింది. ఇరవై రెండేళ్ళు కనపడకుండా ఉండటమే గొప్పనుకున్న మనిషిని ఇప్పుడు చుట్టూ తాడు కట్టి ప్రదర్శనలో పెట్టారు. పటం ముందు జనం అరనిమిషం ఆగుతారు, నా ముందు పది నిమిషాలు. నేను కదలకుండా ఉంటే బొమ్మేమో అనుకుంటారు. కదిలితే పిల్లలు ఉలిక్కిపడతారు. ప్రతిదానికీ ముందు ఫొటో తీస్తున్నాను. స్టోర్ కీపరు ఇప్పుడు రోజూ కెమెరా తెచ్చి ఇస్తున్నాడు, సంతకం అడగకుండా.

ఆరో బావి తీస్తున్న రోజు ఒక పెద్దావిడ తాడు దగ్గర ఆగింది.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"బావి తీసేస్తున్నానమ్మా."

"అదేం పని? బాగానే ఉందిగా."

"నేను వేసిందమ్మా. అసలుది పురుగులు తినేశాయి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వీధుల వెంట వేలు గాలిలో నడిపించింది. "ఇది పెద్ద మలుపు, ఇది గిడ్డంగి సందు. అయితే ఇది మా ఇంటి వెనక బావే. పూడ్చేసేనాటికి నాకు పదేళ్ళు. ఎన్నిసార్లు నీళ్ళు తోడానో." నా పట్టకారు వంక చూసింది. "గుండ్రంగా వేశావేం?"

"గుండ్రం కాదా?"

"పలకల బావి నాయనా. నాలుగు పక్కలా నాలుగు గిలకలు. దాని మూల తగిలి మా అక్కకి మోకాలు చిట్లింది."

"నాకు తెలియదమ్మా."

"తెలియకుండా ఎలా వేశావు?"

నోట్‌బుక్ తీసి, పలకల బావి, నాలుగు గిలకలు, చెప్పినవారు ఆ బావి నీళ్ళు తోడినవారు, అని రాసుకున్నాను. ఆవిడ నేను రాసిందంతా తలకిందులుగానే చదివి, తృప్తిగా తలాడించింది. నేను చిల్లుకు సరిపోయే ఉత్త కాగితం ముక్క కోసి, జిగురు రాసి, చిల్లులో కూర్చోబెట్టాను. ఆవిడ ఇంకా కదల్లేదు.

"ఇక వెయ్యి మరి."

"ఏది?"

"బావి. చెప్పానుగా ఎలా ఉంటుందో."

"వెయ్యకూడదమ్మా."

ఆవిడ నన్నూ, ఆ ఉత్త ముక్కనూ మార్చి మార్చి చూసింది.

"తెలియనన్నాళ్ళూ వేశావు. తెలిశాక వెయ్యనంటున్నావు. ఇదేం ఉద్యోగమయ్యా నీది?"

తాడు అవతల ఎవరో నవ్వారు. నేను కూడా కాస్త నవ్వి, ఏడో బావి మీద తడి దూది పెట్టాను.