సుబ్బులుగారి తొంభై రోజులు

మా సుబ్బులు పిన్నిగారిది ఫ్రెంచి పాస్‌పోర్టు అంటే అమెరికాలో మా మోరిస్‌విల్‌లో ఎవరూ నమ్మరు. నేతచీర, కాళ్ళకి స్నీకర్స్, మాటకి ముందు "ఆయ్" అనే ఆవిడ ఫ్రెంచావిడా! ఆవిడది యానాం. వాళ్ళ నాన్న ఫ్రెంచి సైన్యంలో పనిచేశారు. దొరలు వెళ్ళిపోయాక కూడా ఆ పౌరసత్వమే ఉంచుకున్నారు. అందుకని యానాంలో పక్కింటివాళ్ళ పెళ్ళికీ ఆస్తికీ ఒక చట్టం, వీళ్ళింటికి ఇంకో చట్టం.

ఆ పాస్‌పోర్టుంటే అమెరికా రావడానికి వీసా అక్కర్లేదు. బానే ఉంది. కానీ అందరి అమ్మలూ ఆర్నెల్లు ఉంటుంటే ఈవిడకి తొంభై రోజులే. ఒక్కరోజు పొడిగించమన్నా పొడిగించరు. ఈసారి ఆ తొంభై రోజులూ మనవరాలు మాయ కోసమే వచ్చారు. ఏడేళ్ళ పిల్ల.

జూన్‌లో కొడుకు ఫణి, కోడలు రష్మి విడిపోయారు. రష్మి పాపని తీసుకుని క్యారీలో అపార్ట్‌మెంట్‌కి మారిపోయింది. "కోర్టులో తేలేదాకా పాపని ఎవరింటికీ పంపను" అంది. పట్టుమని పది నిమిషాల డ్రైవ్ కూడా కాదు. నేను ఫణి వాళ్ళ ఎదురింటిదాన్నే కదా, "పదండి, నే తీసుకెళ్తా" అని ఎన్నిసార్లన్నానో!

"పిలవని గుమ్మం ఎలా తొక్కుతాను రాధా?" అనేవారు.

ఆ మాటన్న మనిషే రోజూ మూడున్నరకి మా కాంప్లెక్స్ ముందు స్కూల్ బస్ ఆగేచోట నిలబడేవారు. మాయ ఈ బస్‌లో రాదు పిన్నిగారూ అని ఒకరోజు విసుక్కున్నాను.

"తెలుసమ్మా. ఆ ఈడు పిల్లల్ని చూసుకుందామని."

నా నోరు పడిపోను, ఎందుకన్నానా అనిపించింది.

ఎనభై నాలుగో రోజున మీడియేషన్ పడింది. జడ్జి దగ్గరికి వెళ్ళేముందు తల్లీతండ్రీ మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకోవాలని కోర్టు ఆర్డర్. పిన్నిగారి మొహం వెలిగిపోయింది. "మా ఫ్రెంచి చట్టంలోనూ అంతే. ముందు మీలో మీరు మాట్లాడుకుని రండి అంటాడు జడ్జి. ఇంకోటి కూడా ఉంది. నానమ్మతో, తాతయ్యతో కలిసిమెలిసి ఉండే హక్కు పిల్లకి ఉంటుంది. హక్కు పిల్లదండోయ్, మనది కాదు!"

ర్యాలీ ఊళ్ళో కోర్టుకి నేనే డ్రైవ్ చేశాను. ఆవిడ ఒళ్ళో నీలం అట్ట కుటుంబ పుస్తకం. పెళ్ళప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం వాళ్ళిచ్చేది. కన్నపిల్లల పేర్లు అధికారులు రాయడానికి అందులో పేజీలుంటాయి. మొదటి పేజీలో ఫణి పేరు, ముద్రతో సహా. రెండో పేజీలో ఈవిడ పెన్సిల్‌తో మాయ పేరు రాసేసుకున్నారు.

"ఇది తప్పు కదా పిన్నిగారూ?"

"తప్పే. అందుకే పెన్సిల్‌తో రాశాను."

గది గుమ్మం దగ్గర మధ్యవర్తి తల్లిదండ్రులు మాత్రమే రావాలంది. పిన్నిగారు పుస్తకం తెరిచి ఆవిడ చేతిలో పెట్టేశారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఆ పిల్ల హక్కు సంగతి ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ మర్యాదగానే చూసి, ఈ చట్టం ఇక్కడ చెల్లదండీ అని తలుపేసుకుంది.

"చూశారా పిన్నిగారూ! మీ చట్టం సముద్రం దాటి ఇంతదూరం ఎలా వస్తుంది?"

"మా ఊరికి సముద్రం దాటే వచ్చింది కదే!"

రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చున్నాం.

ముందు ఫణి వచ్చాడు. "అమ్మా, సాటర్డేస్ నాకు. థాంక్స్‌గివింగ్ పండగ కూడా!"

"మరి నా సంగతి?"

వాడు ఫోన్ వంక చూసుకున్నాడు. "అదీ... టైమ్ లేదమ్మా. మర్చిపోయాను."

లాగి ఒకటిద్దామనిపించింది. ఆ శనివారాలైనా జడ్జి సంతకం అయ్యాకే మొదలు, దానికి రెండు వారాలు పడుతుందిట. పిన్నిగారి ఫ్లైట్ ఐదు రోజుల్లో!

వెనకే రష్మి వచ్చింది. పిన్నిగారు కోడల్నేం దులిపేస్తారోనని నేను బిగుసుకుపోయాను. రష్మి కాగితాలు తిప్పి ఆఖరి పేజీ చూపించింది.

"అత్తయ్యా, ప్రతి ఆదివారం పొద్దున్నే మాయ మీకు వీడియో కాల్ చెయ్యాలి. నేనే రాయించాను."

"నువ్వా?"

"మాయ పుట్టినప్పుడు ఈ పుస్తకం చూపించి మీరే చెప్పారు కదా, హక్కు పిల్లది అని." కాగితాలు మడిచి బ్యాగ్‌లో పెట్టుకుంది. "రేపు స్కూల్ అయ్యాక పార్క్‌కి తీసుకొస్తాను. ఒక్క గంట. ఇది పేపర్‌లో లేదు, ఈ ఒక్కసారికే."

పిన్నిగారు కోడలి చెయ్యి పట్టుకుని బావురుమన్నారు.

మర్నాడు పార్క్‌లో మాయ పరిగెత్తుకొచ్చి ఒళ్ళో పడింది. జుట్టు కత్తిరించారు, పళ్ళు రెండూడాయి. గంటసేపూ పిన్నిగారు ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. రష్మి కార్ దగ్గర నిలబడి టైమ్ అయిందన్నట్టు చెయ్యూపింది. మాయ కదల్లేదు.

"నానమ్మా, సాటర్డేస్ డాడీవి. మిగతావన్నీ మమ్మీవి. నీకు ఏ డే ఇచ్చారు?"

"ఇవాళ ఇచ్చారు బంగారూ."

"రేపు?"

పిన్నిగారు నా వైపు చూశారు. నేను కార్ దగ్గరున్న రష్మికి ఐదు వేళ్ళు చూపించాను, ఇంకో ఐదు నిమిషాలని.