పాడని అతిథి

భయం వేసినప్పుడల్లా ఫెస్టీ మల్కెరిన్ శ్రుతిలో ఉన్న గిటారు తీగనే మళ్ళీ శ్రుతి చేస్తాడు. డెబ్బై రెండేళ్ల పాటగాడు. కళ్ళ మీదికి దిగిన ఉన్ని టోపీ, చుట్టపొగకు పసుపుబారిన బొటనవేలి గోరు. జామ్ సీసా నిండా నల్లటి టీ పోసుకుని తాగడం మరిచిపోతాడు. కొత్త ఆల్బమ్‌లో తొమ్మిది పాటలకు తొమ్మిది మంది గాయకుల్ని పిలిచాడు. ఎంత పెద్ద మనసో అని ఐర్లండ్‌లోని ఆ కాన్నెమారా ప్రాంతమంతా మెచ్చుకుంది. పై స్థాయి అందుకోబోతే తన గొంతు వణుకుతోందని అతనొక్కడికే తెలుసు. పదోది చనిపోయిన అన్న మీద కట్టిన పాట. దానికి, నలభై ఏళ్లుగా పబ్బుల్లో తన పక్కన పాడిన నోరీన్‌ని రమ్మన్నాడు.

స్టూడియోలో ఆమె పాట కాగితం చదివి పక్కన పెట్టేసింది. "మీ అన్న పాట నా నోట్లో ఎందుకు పెడతావయ్యా? నువ్వే పాడు."

"గొంతు పోయింది నోరీన్," అన్నాడు తీగ బిగిస్తూ.

"పోతే పోయింది. ముందా గిటారు ఇటివ్వు, తీగ తెంపేట్టున్నావు."

గిటారు లాక్కుని గోడకు ఆనించింది. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, అక్కడి పబ్బుల్లో పాడేవాళ్ళకు తోడుగా వినేవాళ్ళు చేసినట్టే, అతని చెయ్యి పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పసాగింది. అతను కళ్ళు మూసుకుని పాడాడు. పై స్థాయికి వెళ్ళే చరణంలో గొంతు జీరబోయింది. ఆమె చెయ్యి ఆపలేదు, అతను పాట ఆపలేదు.

"మళ్ళీ పాడనా?"

"ఎందుకూ? ఇంతకంటే బాగా ఏడిపిస్తావా?"

ఫెస్టీ పకపకా నవ్వి, చల్లారిన టీ గటగటా తాగేశాడు. ఆల్బమ్ అట్ట మీదికి అతిథుల పేర్లు రాసిచ్చాడు. తొమ్మిది పేర్ల ఎదుట 'గాత్రం' అని ఉంది. పదో పేరు ఎదుట 'చెయ్యి' అని ఉంది.