మట్టి అక్కర్లేని బొబ్బర్లు

ఒక ఇంటి విత్తనాన్ని అంతం చేయడానికి కరువూ పురుగూ అక్కర్లేదని, చదువుకున్న కూతురు ఒక్కతి ఉంటే చాలని నిరూపించినదాన్ని నేను. ఎట్లాగో చెబుతాను, నవ్వండి. కాకపోతే మా బాపు ఎదుట కాస్త తక్కువ నవ్వండి, ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పమంటాడు.

అప్పుడు నేను ఎయిర్‌పోర్టు కార్గోలో కొత్తగా చేరాను. మహేశ్వరం దిక్కు మా మెట్ట చెల్క అమ్ముడుపోయి ప్లాట్లయింది. బాపు శంషాబాద్‌లోని నా కిరాయి ఫ్లాటుకు వచ్చేశాడు. వస్తూ బట్టల సంచితోపాటు ఒక చిన్న గాజు సీసా తెచ్చుకున్నాడు. అందులో బూడిద కలిపి దాచిన బొబ్బర్లు. మా చెల్కలో ఏటా పండి, ఏటా విత్తనానికి మిగిలిన గింజలు. ఇక అవే ఆఖరివి. దిగే విమానాలను చూస్తూ బాల్కనీలో కూర్చునేవాడు కానీ, ఆయన చూపంతా కింది గచ్చు మీదే ఉండేది. ఒకరోజు, "మట్టే లేదు. ఇగ యాడ పెడ్తం బిడ్డా" అన్నాడు.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. అదే వారం నేను ఫోనులో ఒక వీడియో చూసి ఉండటం మా ఇంటి దురదృష్టం.

"మట్టి అక్కర్లేదు బాపు. నీళ్లల్లనే పెరుగుతయ్."

"నీళ్లల్లనే పెరిగేదుంటే గిన్నేండ్లు నేనెందుకు దున్నిన?"

ఆయన మాట పూర్తయ్యేలోపే నేను ఖాళీ నీళ్ల సీసాలు కోయడం మొదలుపెట్టాను. సగమే నానబెట్టు, సగం సీసాలో ఉండనీ అని ఆయన బతిమాలాడు. సైన్సు మీద అంత అనుమానమైతే ఎట్లా అని నేను మొత్తం గిన్నెలో కుమ్మరించాను. పైగా శుభ్రత ఒకటి. బూడిద కనిపించకుండా కడిగి, గింజలను పెళ్లికూతుళ్లలా తయారు చేశాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. బాపుకు షుగర్. పొద్దున్నే మొలకలు తినాలి. అందుకని దుకాణంలో కొన్న బొబ్బర్లు రోజూ నానబెట్టి మూటగట్టేదాన్ని. ఆ రోజూ కట్టాను. అంటే చెల్క గింజలు ఒక మూట, దుకాణం గింజలు ఇంకో మూట. రెండూ ఒకే పాత చీర ముక్కలే, రెండూ ఒకే సింకు పక్కనే. బూడిద పోయాక గింజలూ ఒకేలా ఉన్నాయి. మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు.

మొలకలొచ్చిన పొద్దున ఒక మూటను బాల్కనీలోకి తీసుకుపోయి విప్పాను. కోసిన నీళ్ల సీసాల మూతుల్లో దూది పెట్టి, గింజలను పసిపిల్లల్లా పడుకోబెట్టి, ఫోటోలు తీసి డ్యూటీలో అందరికీ పంపాను. తర్వాత వంటింట్లో రెండో మూట విప్పి, ఉల్లిగడ్డ, ఉప్పు, నిమ్మరసం కలిపి బాపు ముందు పెట్టాను.

తింటూ తింటూ ఆయన నెమ్మదించాడు. కళ్లు మూసుకుని నమిలాడు.

"మన చెల్కవే ఇవి. మన బొబ్బర్లకు చివర్ల జర తీపుంటది."

దుకాణానివే బాపు అని నవ్వాను. నవ్వుతూనే సింకు వైపు చూశాను. అప్పుడే విప్పి పడేసిన గుడ్డ మడతలో సన్నగా, నల్లగా బూడిద గీత ఉంది.

గిన్నె లాక్కునేసరికి అడుగున నాలుగు గింజలు మిగిలాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన తిడితే బాగుండేది. తిట్టలేదు. చెంచా పక్కన పెట్టి అన్నాడు:

"మంచి గింజలన్ని విత్తనానికని తీసిపెట్టేది బిడ్డా. మిగిలినయే మేం తినేది. మంచియి గింత రుచుంటయని ఇయ్యాలనే ఎరుకైంది."

తర్వాత లేచి, ఆ నాలుగింటికీ ఉప్పూ పులుపూ పోయేలా కడిగాడు. కిందికి దిగి, పక్క ఖాళీ జాగాలోంచి పాత పెయింటు డబ్బా నిండా మట్టి తెచ్చాడు. నాలుగింటిలో ఒకటి బతికింది. నా సీసాల్లోవి పొడుగ్గా సాగి, పాలిపోయి వాలిపోయాయి. నీళ్లలో ఎరువు కలపాలని వీడియో చివర్లో చెప్పారట. అంతదాకా చూసే ఓపిక నాకెక్కడిది.

ఆ ఒక్క తీగే బాల్కనీ ఊచలు పట్టుకుని పాకి, కాసింది. ఎండిన కాయలు ఒలిచి బాపు గింజలు ఏరుతుంటే నేను సీసా, బూడిద తెచ్చి పక్కన కూర్చున్నాను. సీసాలోకి కావలసినవి పోసి, బాగా గట్టిగా ఉన్న మంచివి ఒక గుప్పెడు పక్కకు తీశాడు. అవి తినడానికట.

కాబట్టి ఆ సీసా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకే చీరతో రెండు మూటలు కట్టను. వీడియోను సగంలో ఆపను. బాపు సగం అంటే సగమే పోస్తాను. ఆయనకు మాత్రం నా ప్రమాణం మీద నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ మొలకల గిన్నె ముందు పెడితే, చెంచా ముట్టే ముందు నా ముఖంలోకి చూసి అడుగుతాడు:

"బిడ్డా, ఇవి తినేటియా, పెట్టేటియా?"