మానుకోట కారుకు కొత్త బాడీ

1977 ఏప్రిల్‌లో నన్ను అసిస్టెంట్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వరంగల్లుకు వేశారు. నెలకు రెండుసార్లు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, క్యాంపు. మాది కోస్తాలో కృష్ణా తీరం. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లారి ఎనిమిదేళ్లయినా నా యాస వినగానే ఎదుటివాళ్లు అర క్షణం ఆగి, ఆ తర్వాతే మాట్లాడేవారు.

మే నెల క్యాంపులో మిర్చి వ్యాపారి సత్యనారాయణ దరఖాస్తు వచ్చింది. వాళ్ల నాయన నిజాం కాలంలో సికింద్రాబాదులో కొన్న విలాయతి కారు ఒకటుంది. దాని బాడీ తీసేసి, కింది ఇనుప చట్రం, అదే ఛాసిస్, దాని మీద వ్యాను బాడీ కట్టించుకుంటే నెల్లికుదురు, దంతాలపల్లి వైపు సరుకు తిప్పుకోవచ్చని ఆయన ఆశ. మా శాఖ దృష్టిలో బండి అంటే ఛాసిస్, పైనున్నది చొక్కా. చొక్కా మార్చేముందు ఒకసారి, మార్చాక ఒకసారి మేము చూసి రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించాలి.

ఇంటి వెనక షెడ్డులో కారు చూశాను. టేకు చట్రానికి రేకు తొడిగి చేసిన బాడీ. తలుపుల అడుగున చెదలు పట్టాయి కానీ అంత నాజూకైన పనితనం మళ్లీ ఎక్కడా చూడలేదు. పుచ్చిన టేకు మార్పించి బాడీని నిలుపుకోమని చెప్పాను. అప్పుడు సత్యనారాయణ అసలు సంగతి బయటపెట్టాడు.

"మా అవ్వ గూడ తీయొద్దనే అంటది సార్. బాపు పోయి నాలుగేండ్లాయె. రోజూ ఒంటిగంటన్నరకు కారు తలుపు ఏసిన సప్పుడైతది. బాపు దుకాణం నుంచి అన్నానికొచ్చే యాళ్ల గదే. గా సప్పుడు ఇన్నాకనే అవ్వ బువ్వ తింటది. తీయాలంటే నాకూ భయమైతాంది."

ఆయన మాట పూర్తి చేసిన కాసేపటికే టప్పుమంది. తలుపులన్నీ మూసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. ఇంట్లోంచి వాళ్ల ముసలి తల్లి గొంతు తాపీగా వినబడింది: "వచ్చిండు. ఇస్తరెయ్యి."

కారణం పట్టుకోకుండా ఊరుకోవడం నా చేతకాదు. తలుపు మీద చెయ్యి పెడితే కాలింది. పెంకుల సందులోంచి ఎండ సరిగ్గా ఆ వేళకు ఆ రేకు మీద పడుతోంది. వేడికి రేకు ఉబ్బి, పుచ్చిన టేకులో మేకులు కదిలి చప్పుడవుతోందన్నమాట. బొటనవేలితో నొక్కి అదే చప్పుడు రెండుసార్లు చేసి చూపించాను. సత్యనారాయణ పెద్దగా నవ్వాడు. నా వల్ల ఆయన భయం తీరిపోయింది, ఇక బాడీ తీయించేస్తానన్నాడు.

వెళ్లేటప్పుడు వాళ్లమ్మ రాజేశ్వరమ్మ గడప దగ్గర నన్ను ఆపింది. "కారు మీది డబ్బ మారిస్తె ఆయన యాడ దిగాలె బిడ్డా?" అంది. నేను పెద్దమనిషిలా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు వారాల తర్వాత, వానలు మొదలయ్యాక, రెండో తనిఖీకి వెళ్లాను. అదే షెడ్డులో వ్యాను నిలబడి ఉంది. పాత బాడీని వడ్రంగి ముక్కలుగా కోసేశాడు. సత్యనారాయణ ముఖంలో కళ లేదు. నేను వెళ్లిన మర్నాడే బాడీ తీయించాడట, ఆ రోజు నుంచి తల్లి మధ్యాహ్నం అన్నం మానేసిందట. రోజూ ఆ వేళకు విస్తరి ముందు కూర్చుంటుందట, ఏమీ వినబడక లేచిపోతుందట. మజ్జిగ నీళ్ల మీద బతుకుతున్న ఆవిడను కిటికీలోంచి చూశాను. సగానికి సగం చిక్కిపోయింది.

"గట్లనే ఉంటె అవ్వ దక్కదు సార్," అన్నాడాయన.

నేను పనిలో పడ్డాను. బండి కిందికి దూరేవాడు తలుపులకు తాళం వేసి తాళంచెవి తన జేబులో పెట్టుకోవడం మా పద్ధతి. అలాగే చేసి వెల్లకిలా పడుకున్నాను. ఛాసిస్ మీద చెక్కిన నంబరుకు పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు దిగుతాయి. దాన్నే పెన్సిలు ప్రింటు అంటాం. సత్యనారాయణ చక్రం పక్కన గొంతుక్కూర్చుని టార్చి పట్టుకున్నాడు.

ఒంటిగంటన్నర వేళ, చివరి అంకె దగ్గర ఉండగా నా ముఖానికి పైన, బండి బరువు మోసే కమాను పట్టీలు మెల్లగా కిర్రుమని పైకి లేచాయి. బండిలోంచి ఒక మనిషి దిగితే కమాను ఎంత లేస్తుందో మాకు చేతి లెక్క. సరిగ్గా అంతే లేచింది. తర్వాత తలుపు టప్పుమంది.

బయట మబ్బు. రేకు చల్లగా ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

"మీరు కదిలిచ్చిన్రా సార్?" సత్యనారాయణ టార్చి నా చేతుల మీదికి తిప్పాడు.

ఇంట్లోంచి నీరసమైన గొంతు వినబడింది. "వచ్చిండు. ఇస్తరెయ్యి."

ఆ పూట ఆవిడ అన్నం తింది. బండి కదలడంతో నా కాగితం మీద చివరి అంకె జంటగా పడింది. దాన్ని పక్కన పెట్టి రెండో ప్రింటు తీసి ఫైల్లో కట్టాను. బాడీ రకం గడిలో వ్యాను అని రాసి సంతకం పెట్టాను. సత్యనారాయణ కారణం అడగలేదు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు పైగా పనిచేశాను. చూసింది చూసినట్టు రాశాను, ఇలా ఎందుకైందని అడిగిన వాళ్లకు మాత్రం ముందు ఇంట్లో ఎవరెవరున్నారో కనుక్కున్నాకే జవాబు చెప్పాను. మానుకోటలో నేను చెప్పిన కారణం ఆ రోజుకు నిజమే. ఆ నిజంతో ఒక ముసలమ్మను మూడు వారాలు పస్తు పెట్టాను.